గ్లాసెడు నీళ్లు

"ఒక్క రాత్రిలో మూడు మూతల మందు తాగారా?" అని అడిగింది అబీర్.

కౌంటరు అవతల కుర్చీలో కూర్చున్న రాగిబ్ జవాబు చెప్పబోయి దగ్గులో పడ్డాడు. ఛాతీ అడుగునుంచి గరగరలాడుతూ వచ్చే దగ్గు. పక్కన నిలబడ్డ హమ్దీ స్నేహితుడి వీపు రాస్తూ తనే అందుకున్నాడు.

"రోజుకి మూడుసార్లని సీసా మీద రాసిచ్చారుగా డాక్టరమ్మా. ఇఫ్తార్ కాగానే ఒకటి, టీ తాగాక ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. తిన్నదంతా కక్కేశాడు."

అబీర్ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. షుబ్రా పేటలోని ఈ మందుల షాపులో చేరి వారమే అయింది గానీ, రంజాన్ నెలలో ఈ మాట ఏ షాపులోనైనా వినేదే. పగటి మందులన్నీ రాత్రికి పోగేసుకుంటారు. పొద్దుటి నుంచి నిలబడి ఉండి ఆమె పాదాలు లాగుతున్నాయి. నాలుక పిడచగట్టుకుపోయింది. పొద్దుగుంకడానికి ఇంకా చాలా సేపుంది.

"మూడుసార్లంటే రోజు మొత్తానికి, బాబాయ్. ఒక మూతకీ ఇంకో మూతకీ నాలుగైదు గంటలైనా ఎడం ఉండాలి. జ్వరముందా?"

"లేదు."

"తెమడలో రక్తపు చారలు? ఆయాసం?"

"రక్తం లేదు. ఆయాసమంటావా, వీడితో వాదించినప్పుడు వస్తుంది," అన్నాడు రాగిబ్.

"అయితే ఎప్పుడూ ఉన్నట్టే," అన్నాడు హమ్దీ.

"ఇంకేమైనా మందు వాడుతున్నారా?"

హమ్దీ కోటు జేబులోంచి సగం ఖాళీ అయిన సీసా తీశాడు. "దగ్గుతో నిద్ర పట్టట్లేదంటే నిన్న ఇది కూడా పోశాను. మా ఆవిడది. పోయిన చలికాలంలో కొన్నాం. ఇప్పుడావిడ లేదు."

అబీర్ సీసా తిప్పి చూసింది. "ఇది పొడి దగ్గుకి. దగ్గుని అణిచేస్తుంది. మీరు తాగేదేమో తెమడని పలచన చేసి పైకి తెచ్చేది. రెండూ కలిపితే ఊడిన తెమడ బయటికి రాదు, లోపలే ఉండిపోతుంది. పైగా దీనికి గడువు కూడా దాటిపోయింది. పారబోస్తాను."

హమ్దీ చెయ్యి సీసా వెంట కొంచెం ముందుకొచ్చి ఆగిపోయింది.

ఆమె అది చూసింది. లోపలికి వెళ్లి, మందు తొట్లో వంపేసి, సీసా శుభ్రంగా కడిగి, తుడిచి, ఖాళీ సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. హమ్దీ దాన్ని కోటు లోపలి జేబులో దాచుకున్నాడు.

"ఇక అసలు సంగతి," అంది అబీర్ రాగిబ్ వైపు తిరిగి. "ఈ మందుకి నీళ్లు తోడుండాలి. ఒంట్లో నీళ్లు చాలకపోతే తెమడ జిగురులా అంటుకుపోతుంది. పగలంతా చుక్క నీళ్లు ముట్టకపోతే ఎన్ని సీసాలు తాగినా ఇంతే. మీ వయసులో అది ఊపిరితిత్తుల్లో నిలిచిపోతే నిమోనియా దాకా పోవచ్చు. తగ్గేదాకా రోజాలు మానెయ్యండి."

"కుదరదు," అన్నాడు రాగిబ్.

"జబ్బుపడ్డవాళ్లకి వెసులుబాటు ఉంది బాబాయ్. పండగయ్యాక తీర్చుకోవచ్చు."

"ఆ వెసులుబాటు నాకు వర్తించదు తల్లీ."

"ఎందుకు వర్తించదు? కావాలంటే మీ వీధి మసీదులో షేక్‌గారిని అడగండి."

"ఆయనకీ నాకూ సలాములే గానీ, సలహాలడిగేంత చనువు లేదు."

హమ్దీ నవ్వబోయి ఆపుకున్నాడు. "దేవుడు నిన్నేమీ అడగడురా అని రోజూ మొత్తుకుంటున్నాను. అసలు వీడికి..."

"నువ్వూరుకో హమ్దీ."

"ఊరుకుంటాను. నువ్వు కూడా పోయావంటే ఇక ఊరుకునే ఉంటాను. ఆ ఇంట్లో మాట్లాడడానికి ఎవరున్నారు?"

రాగిబ్ తల దించుకున్నాడు. అబీర్‌తో మెల్లగా అన్నాడు. "వీడూ వాళ్లావిడా ఎదురెదురుగా కూర్చుని ఉపవాసం విడిచే వేళకి పేల్చే ఫిరంగి మోత కోసం చూసేవాళ్లు తల్లీ. ఈ ఏడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కడుపు నింపుకొచ్చి కూర్చుంటే అది తోడెలా అవుతుంది?"

అబీర్ లోపలికి వెళ్లింది. గ్లాసెడు నీళ్లు పట్టుకొచ్చింది. మందు గీత దాకా కొలిచి, మూత గ్లాసు పక్కన పెట్టింది. రాగిబ్ రెండింటినీ చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ దగ్గు తెర వచ్చింది. ఈసారి ఆగడానికి చాలా సేపు పట్టింది.

హమ్దీ గ్లాసు అందుకున్నాడు.

"సరే. నేను తాగుతాను."

"ఏంట్రా?"

"ఇద్దరం మానేస్తే ఇద్దరం సమానం. అప్పుడు నీకు అభ్యంతరం ఉండదుగా." గ్లాసు అంచు ఆయన మీసాన్ని తాకింది.

రాగిబ్ కుర్చీలోంచి ఎలా లేచాడో, చటుక్కున ఆ గ్లాసు లాక్కున్నాడు. సగం నీళ్లు కౌంటరు మీద ఒలికాయి. "మతి పోయిందా? మీ ఆవిడ ఉంటే నిన్ను ఊరుకునేదా?"

"మరి నువ్వు తాగు. తాగి, సాయంత్రం వచ్చి అదే కుర్చీలో కూర్చో. నాకది చాలు."

అబీర్ మారుమాట లేకుండా గ్లాసు మళ్లీ నింపింది. రాగిబ్ ఆమెనీ హమ్దీనీ మార్చి మార్చి చూసి, మూతలోని మందు గుటకేసి, నీళ్ల గ్లాసు ఎత్తాడు.

రాగిబ్ కోటు చెయ్యి మోచేతి దాకా జారింది. మణికట్టు లోపలివైపు, ఎప్పుడో చిన్నతనంలో చర్చి వాకిట్లో పొడిపించుకున్న ఆకుపచ్చ సిలువ పచ్చబొట్టు, వెలిసిపోయి, ముడతల మధ్య ఇంకా కనిపిస్తోంది.