జవుళి కొట్టులో సెంటర్ ఫార్వర్డ్

అయ్యా, నా తెలుగు అధ్వాన్నము, మన్నించగలరు. మా ఊరు తెలుగు నాట లేదు; రాత్రి కాలేజీలో పట్టా పొందితిని గాని అక్కడ తెలుగు లేదు.

మా ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షులు ఆదికేశవులు శెట్టిగారు ఈ ఏడు, 1978లో, కేరళ నుండి రాఘవన్ అను పేరుమోసిన సెంటర్ ఫార్వర్డ్ ఆటగాడిని తెచ్చారు. అంత జీతము క్లబ్బు ఇచ్చుకోజాలదు. కనుక శెట్టిగారు ఆయనను తమ జవుళి కొట్టులో గుమాస్తాగా చూపి జీతము ఇచ్చారు. పేరుకే ఉద్యోగము, పని ఆటే.

అయితే రాఘవన్‌ను చూడవచ్చిన జనము చీరలు కొనుట మొదలుపెట్టారు.

దీపావళికి ముందు ఆదివారము ఫైనలు. కార్యదర్శినైన నేను ఆయన బూట్లు పట్టుకొని కొట్టుకు పరుగెత్తాను.

"ఏంది సెక్రటరీ, ఇంత గిరాకీలో వస్తివి? గోలు ఎవురైనా కొడతారు. పట్టుచీర అమ్మేదానికి వీడే కావాల!" అన్నారు శెట్టిగారు.

బూట్లు చూచి రాఘవన్ లేవబోయారు. శెట్టిగారు ఆయన చేతిలో మరొక చీర పెట్టారు.

రాఘవన్ లేని ఆ ఫైనలులో మీ జట్టే మమ్ము ఓడించినది.

ఈ కార్డును మీ అధ్యక్షులకు చదివి వినిపించండి. వారిది ఐసు ఫ్యాక్టరీ, ఆటగాడిని చూడవచ్చినవారు అక్కడ ఏమీ కొనరు. మీ క్లబ్బుకు వచ్చుటకు రాఘవన్ సిద్ధము. కార్యదర్శి పదవి ఖాళీ అయితే నేనును సిద్ధము.

దారిలో మా శెట్టిగారి చేతిలో పడినను భయము లేదు. ఆయన తెలుగు మాట్లాడగలరు గాని చదువలేరు. అందుకే తెలుగులో వ్రాశాను.