తడిక వేసే ముందు

"కేస్ షీట్ లేదమ్మా. ఎక్కడో పోయింది."

సూర్యాపేటలోని ఆ ప్రైవేటు దవాఖాన కౌంటర్ వెనక సుధాకర్ ఆ మాట మూడోసారి చెప్పాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

నాగరాణి పళ్లు కొరికింది. రెండు నెలల కింద ఆమె తల్లి యాదమ్మకు ఇక్కడే గర్భసంచి ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గలేదు. కోదాడలో మరో డాక్టర్ మళ్లీ కడుపు కోసి, ఆపరేషన్‌లో లోపల మరిచిపోయిన అరచేతంత గుడ్డ బయటికి తీశాడు.

"ఇంటికాడ బరువులెత్తింది. తప్పంతా మీ అమ్మదే" అన్నారు ఇక్కడివాళ్లు.

అది విన్నప్పటినుంచి "నాదే తప్పేమో బిడ్డా" అంటూ యాదమ్మ చిక్కి సగమైంది.

ఆ మాట అబద్ధమని కాగితం మీద తేలాలి. నాగరాణికి కావలసింది అంతే.

"నోటితోని అడిగితే నోటితోనే పంపిస్తరు బిడ్డా."

గోడ పక్క కుర్చీలో, భుజాన గొంగడితో ఒక ముసలాయన. కడుపులో గుడ్డ దొరికిందని ఆమె కౌంటర్ దగ్గర అరిచిందంతా విన్నట్టున్నాడు.

"కాయితం మీద రాసి అడుగు. ముట్టిందని ముద్ర కొట్టిచ్చుకో. డెబ్బై రెండు గంటలల్ల ఇయ్యాలె. కానూన్ అది."

"నువ్వెవరు? బ్రోకర్‌వా?"

"గొర్లోన్ని."

"మరి గొర్లు కాసుకోక, దవాఖాన ముచ్చట్లు నీకెందుకు?"

అనకుండా ఉండాల్సింది. అనంతగిరిలో తనదీ గొర్రెల ఇల్లే. బ్యాంకులో ఉద్యోగం వచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

ముసలాయన నవ్వాడు.

"గొర్లోన్ని గనకనే లెక్క ఎరుక. గుడ్డల లెక్క రాసిన కాయితం గూడ అడుగు. పొద్దూకి తలలు లెక్క సూడంది నేను దొడ్డి తడిక వెయ్య. కడుపు కుట్టేటోళ్లకు గా మాత్రం లెక్క వద్దా?"

విసుక్కుంటూనే నాగరాణి దరఖాస్తు రాసింది. కౌంటర్ మీద పెట్టి గట్టిగా చదివింది.

సుధాకర్ తల ఎత్తాడు. ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. ముఖం మాడిపోయింది. గబగబా ముద్ర కొట్టాడు.

తన గొంతుకే జడిశాడనుకుంది నాగరాణి.

వెనక్కి తిరిగితే ముసలాయన నిలబడి ఉన్నాడు.

"జర చాయ్ తాగుదాం రా బిడ్డా. ముంగట ఏం చేయాల్నో చెప్త."

"నీ కమీషన్ కోసమా? పో తాతా, పో!"

ఆయన కర్ర తీసుకుని మెట్లు దిగాడు. రోడ్డు మీదినుంచి మాత్రం ఒక్క కేక వేశాడు.

"నడుమల ఇడిసిపెట్టకు బిడ్డా!"

మూడో రోజు కాగితాలు చేతికొచ్చాయి. కోతకు ముందు గుడ్డలు: ఇరవై. కుట్టే ముందు గుడ్డలు: ఆ గడి ఖాళీ.

వినియోగదారుల కమిషన్‌లో ఏడాదిన్నర నడిచింది. "ఇది తప్పని ఇంకో డాక్టర్ వచ్చి చెప్పాలి" అని దవాఖాన వకీలు అడ్డం తిరిగాడు. కోదాడ డాక్టర్ సాక్ష్యానికి రానన్నాడు.

నాగరాణి వకీలు భావనది మిర్యాలగూడ. ఆమె వెతికి వెతికి ఒక పాత తీర్పు తీసింది. కడుపులో గుడ్డ దొరికితే ఆ గుడ్డే సాక్షి, ఇంకో డాక్టర్ అక్కర్లేదని అందులో ఉంది.

"గిది గెలిచింది ఎవరు మేడం?"

"పాలకీడు ఊరాయన. గిట్లనే భార్యను పోగొట్టుకున్నడు. వకీలును పెట్టుకోకుండ తొమ్మిదేండ్లు కొట్లాడిండు. కలుద్దామని పోతే, పోయిన నెలనే కాలం చేసిండన్నరు."

"బాగా సదువుకున్నోడై ఉంటడు."

"ఏమో, నేను సూడలే."

తీర్పు రోజు యాదమ్మ ముందు వరుసలో ఒదిగి కూర్చుంది.

"రోగి వైపు ఏ తప్పూ లేదు. తప్పు పూర్తిగా దవాఖానదే" అని చదివారు కమిషన్ అధ్యక్షురాలు.

యాదమ్మ వంగిన వీపు నిలువుగా లేచింది. ఆమె ఏడవలేదు. దవాఖాన వకీలు కళ్లలోకి సూటిగా చూసింది.

"మాకు దారి చూపింది ఫిర్యాది వకీలు తెచ్చిన, ఇదే దవాఖాన మీద వచ్చిన పాత తీర్పు" అంటూ అధ్యక్షురాలు మరో కాగితం తిప్పారు. "అప్పటి ఫిర్యాదుదారు డాక్టరును నిలబెట్టి అడిగిన ప్రశ్నను ఆయన మాటల్లోనే రాసిపెట్టారు."

నాగరాణి నవ్వుతూ కాగితాలు సర్దుకుంటోంది. ఆమె చేతులు ఆగిపోయాయి.

"'పొద్దూకి తలలు లెక్క సూడంది నేను దొడ్డి తడిక వెయ్య, మీరెట్ల కుట్టిండ్రు సారూ?'"