వదిలేయండి అత్తయ్యా

“ఇంకా ఊపిరి వదల్లేదా?”

ఎదుటి బల్ల దగ్గర చిట్టి ఫోనులో అన్న మాటకు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్న పెద్దాయన కలం ఆగిపోయింది. పక్క కుర్చీలో, ఆఫీసంతా వదినగారని పిలిచే ఆవిడ కళ్లజోడు తీసేసింది.

“బీపీ రెండొందలు దాటిందా? గుండె దడదడలాడుతోందా? నాకు తెలుసు. ఆవిడదంతా మొండిపట్టు. ఏదీ, ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టండి.” చిట్టి గొంతు తగ్గించి బుజ్జగించింది. “అత్తయ్యా, ఎందుకలా బిగబట్టుకుంటారు? వదిలేయండి. మీకూ హాయి, మాకూ హాయి.”

“కలికాలం,” అని గొణిగింది వదినగారు.

పెద్దాయన కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. అత్తగారి ప్రాణానికి ఇంత తొందరపడే పిల్లకు మంచి బుద్ధి ప్రసాదించమని మొక్కుకున్నాడు.

అంతలో చిట్టి ముఖం విప్పారింది. “వదిలారా? అమ్మయ్య. కాసేపు కదపకండి, వచ్చేస్తున్నా.” సంచీ అందుకుంది. “బాబాయ్, ఈ పూటకి సెలవు కావాలి. మా అత్తయ్య...”

“విన్నాంలేమ్మా. వెళ్లు.”

“దారిలో మిఠాయి కూడా కొనాలి,” అంటూ పరుగెత్తింది.

వదినగారు రెండు చెవులూ మూసుకుంది.

సాయంత్రం ఇద్దరూ పెద్ద పూలదండ పట్టుకుని చిట్టి ఇంటి మెట్లెక్కారు. తెల్లజుట్టు ముసలావిడ తలుపు తీసింది. మెడలో తువ్వాలు, చేతిలో ఇనుప డంబెల్.

“చిట్టి అత్తగారికి మీరు ఏమవుతారండీ?” అన్నాడు పెద్దాయన.

“నేనే ఆ అత్తగారిని.”

పెద్దాయన ఊపిరి బిగబట్టి నిలబడిపోయాడు.

“ముందు ఊపిరి వదలండి అన్నయ్యగారూ. బిగబడితే బీపీ చుక్కలంటుతుంది. జిమ్ములో నాదీ అదే తంటా. బరువెత్తినప్పుడల్లా బిగబట్టేస్తాను. ఇవాళా అంతే చేస్తే, ఇక రావద్దనేశాడు మాస్టరు. కోడలు ఫోనులో చెప్పింది కాబట్టి బతికిపోయాను. ఊపిరి వదులుతూ ఎత్తాను. దించి కూర్చోగానే గుండె దడ తగ్గింది, బీపీ దానంతటదే దిగొచ్చింది. రేపూ రమ్మన్నాడు. అందుకే ఈ మిఠాయి సంబరం.”

వదినగారు దండను వీపు వెనక్కి దాచబోయింది. ముసలావిడ చూడనే చూసింది.

“అయ్యో, ఆ కాస్త బరువుకే దండ కూడానా,” అని సిగ్గుపడుతూ, మెడలో తువ్వాలు తీసి తల వంచింది.