నిండు మాట

"మీకు టీ ఇవ్వమంటారా?" కోడలు రెండోసారి అడిగింది. అవతల తను పనిచేసే మందుల షాపుకి టైమవుతోంది.

కిటికీ పక్క కుర్చీలో ఉన్న అత్తగారు ఇటు తిరగనైనా లేదు. "నిండుగా అడుగు," అంది.

వాళ్ల భాషలో 'మీరు'కి రెండు మాటలున్నాయి. పొట్టిది ఊరందరికీ. పొడుగుది కోడలు అత్తగారిని అనడానికి మాత్రమే. 'ఈ ఇంటికి నాకంటే ముందొచ్చి, నన్ను లోపలికి పిలిచి, పక్కన చోటిచ్చిన పెద్దదిక్కు తమరు' అన్నంత అర్థం ఆ ఒక్క మాటకి. ఇప్పుడెవరూ వాడటం లేదు. పెళ్లయిన కొత్తలో ఈ అత్తగారే నవ్వి, "అంత దండకం నాకెందుకే, పొట్టిది చాల్లే," అనేసింది.

ఏడాదిగా మాత్రం పట్టుబడుతోంది. యజమాని షాపు మొత్తం కోడలికి అప్పజెప్పిన నెలలోనే ఇది మొదలైంది. ఓర్వలేకే అనుకుంది కోడలు.

పళ్లు బిగించి నిండు మాట ఎత్తుకుంది. అది సాగుతుంటే అత్తగారు మహారాణిలా మెల్లగా తల తిప్పింది. ముగిసేసరికి సూటిగా కోడలి మొహంలోకి చూస్తూ, "ఇవ్వమ్మా," అంది. ఈలోపు పొయ్యి మీద టీ కాస్తా పొంగిపోయింది.

మహారాణీతనం అక్కడితో ఆగలేదు. కుట్టుమిషనుకి మూత పెట్టేసింది. ఇంటికొచ్చినవాళ్లకి ఎదురెళ్లడం మానేసింది. మెట్ల మీద పక్కింటామె నవ్వితే తిరిగి నవ్వలేదట. కప్పు తెచ్చి చేతికి అందిస్తే తప్ప తాగదు.

"ఒక్క మాటకి నీ నాలుకేమైనా అరిగిపోతుందా?" అన్నాడు కొడుకు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. పగలు ఇంట్లో ఉండడు.

"అరిగేది నాలుక కాదు, నేను. ఇల్లంటుకున్నా ఆ దండకం చదివాకే చెప్పాలి. ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

కొడుకు తల్లి దగ్గరికెళ్లి కూర్చున్నాడు. "ఆ మాట వదిలెయ్యమ్మా. లేకపోతే నిన్ను అక్క ఇంట్లో దింపాల్సొస్తుంది."

తల్లి కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. "అక్క ఇల్లు నాకు కొత్తరా."

"మరి వదులు."

"అదొక్కటే కదరా అడిగాను. ఇంకేమైనా అడిగానా?"

"ఎందుకమ్మా ఇంత పంతం?"

ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. "పెట్టె సర్దు," అంది.

ఆదివారం కారొచ్చింది. కొడుకు పెట్టె పట్టుకుని కిందికి దిగాడు. పరుపు చుట్ట కట్టి గుమ్మం పక్కన నిలబెట్టి ఉంది. అత్తగారు బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది.

కోడలు కిటికీ దగ్గర ఆగింది. కళ్లు తుడుచుకుంది. తనకి జ్వరమొస్తే పక్కన కూర్చుని తడిగుడ్డలు మార్చిన మనిషి. నిండు మాట నోటిదాకా వచ్చింది. పౌరుషం వెనక్కి లాగింది.

"మీరు జాగ్రత్త," అంది ఏడుపు జీరతో, పొట్టిగానే.

ఆ మాట ఎటు నుంచి వచ్చిందో పట్టుకునేలోపే అయిపోవడంతో, అత్తగారు తల కొంచెం తిప్పి, గుమ్మం పక్కనున్న పరుపు చుట్టని ఆప్యాయంగా చూస్తూ, "ఏడవకే తల్లీ," అంది.