నిజం చెప్పే గ్లాసు

ఇల్లిల్లూ ఒక వైనరీ అయ్యాక, సంబంధం మాట్లాడుకునేచోట కాఫీ పోయి పెరటి వైన్ వచ్చింది. గుక్క మింగగానే, తాగినవాళ్ల నాలుకకు ఎలా అనిపించిందో గ్లాసే పైకి చెప్పేస్తుంది. వైన్‌కి పేరు పెడితే ఇంటికి పేరు పెట్టినట్టే. అలా, వైన్ నోట పెట్టేలా లేదని గ్లాసు చెప్పేయడంతో నాంచారయ్య కొడుక్కి మూడు సంబంధాలు తప్పిపోయాయి.

కోదండపాణి కూతురేమో ఆ అబ్బాయినే చేసుకుంటానని కూర్చుంది. అందుకే ఆయన నాంచారయ్య ఇంటి వీధి గుమ్మం బయటే రెండు పచ్చిమిరపకాయలు నమిలి, నాలుక మొద్దుబారాక లోపలికి వెళ్లి గుక్క వేశాడు.

గ్లాసు గొంతు సవరించుకుంది.

"పచ్చిమిరపకాయ కారం. ఇంకేం తెలియడం లేదు."

కోదండపాణికి ముచ్చెమటలు పోశాయి. నాంచారయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, జేబులోంచి ఓ పచ్చిమిరపకాయ తీసి తుంచాడు.

"ముందే చెప్పొద్దూ బావగారూ! మేమూ ఇలాగే తాగుతాం," అంటూ సగం ఆయన చేతిలో పెట్టాడు.