రెండు నిమిషాలు

జూన్ 9.

బరువులెత్తడం నేర్పే అమ్మాయికి,

మా చెల్లెలి చావుకి నిన్ను బాధ్యురాల్ని చేసి, రేపు ఉద్యోగం తీసేస్తున్నారని విని రాస్తున్నాను.

విడతకీ విడతకీ మధ్య రెండు నిమిషాలు ఆగమన్నావు. ఆ రోజు గడియారం నా చేతిలో ఉంది.

“ఉండవే అక్కా, ఊపిరి అందనీ,” అంది చెల్లెలు.

“కబుర్లకి అందుతోందిగా. లే!” అన్నాను.

నవ్వుతూ లేచింది. మూడో విడతలో కుప్పకూలింది.

విశ్రాంతి రెండు నిమిషాలని మీ వ్యాయామశాల పుస్తకంలో రాసింది నేనే. ఇచ్చింది నలభై సెకన్లు.

ఇక జరగవలసినవి:

1. మనిషిచేత పంపుతున్న ఈ కార్డు మీ యజమానికి చూపించు.

2. పుస్తకంలో నా అంకె కొట్టేసి, నిజం రాయించు.

3. మిగతా ముసలమ్మలకి రెండు నిమిషాలూ పూర్తిగా ఇవ్వు. నాకు మాత్రం వద్దు. బరువు దించి కూర్చుంటే, పక్కన అది రొప్పడం వినిపిస్తోంది.