పేజీ అడుగున నంబరు

“మా పిల్లల్ని మీ వైపు లాగడానికి ఎవర్ని పెట్టారు మాస్టారూ?”

హిస్టరీ గది గుమ్మంలో నిలబడి అడిగాడు జాగ్రఫీ లెక్చరర్. హిస్టరీ మాస్టారు దిద్దుతున్న పేపర్ల మీంచి తల ఎత్తలేదు.

“ఎవర్ని పెడతాను? వచ్చి కూర్చో.”

“కూర్చోడానికి రాలేదు. మీకు నలభై ఒక్కమంది చేరారు. నాకు ముగ్గురు. శుక్రవారం సాయంత్రానికి పదిమంది లేకపోతే జాగ్రఫీ ఎత్తేస్తామని ప్రిన్సిపల్ చెప్పేశారు.”

కాలేజీ అన్ని డిపార్ట్‌మెంట్లకూ ఒకే టెంప్లేటు ఇచ్చి, వెబ్‌సైట్లో ఎవరి పేజీ వాళ్లు దిద్దుకోమంది. అతను పదకొండు రోజులు దాని మీదే కూర్చున్నాడు. రంగు మార్చాడు. మ్యాపులు పెట్టాడు. బీరువాలోని రాళ్లన్నీ తుడిచి ఒక్కోదానికీ ఫోటో తీశాడు. అడుగున తన డిపార్ట్‌మెంట్ ఫోన్ నంబరు వేశాడు. ఆ ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. హిస్టరీ పేజీలో మాత్రం ‘మీ విభాగం గురించి ఇక్కడ రాయండి’ అన్న వాక్యం కూడా చెక్కు చెదరలేదు.

“మీ పేజీ అడుగున ఒక నంబరుంది. స్టాటిస్టిక్స్‌కీ అదే, కెమిస్ట్రీకీ అదే. అది కాలేజీది కాదు. ఎవరిది?”

“నంబరుందా? నేను చూడనే లేదే.”

పేజీ చూడని మనిషికి నలభై ఒక్కమంది ఎలా వచ్చిపడ్డారు? అందరూ ఒక్కటై ఎవరినో ఏజెంటుగా పెట్టారు. తనొక్కడినే పక్కకు నెట్టారు. అతను మ్యాపుల గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, ఆ నంబరు నొక్కాడు.

“చెప్పు నాయనా,” అంది ఒక పెద్దావిడ గొంతు.

“మా అమ్మాయిని కాలేజీలో చేర్చాలండీ. జాగ్రఫీలో.”

“అక్కడ జాగ్రఫీ కూడా ఉందా? ఇన్నాళ్లలో ఆ పేరెత్తినవాళ్లే లేరు. హిస్టరీలో చేర్చు. ఆ మాస్టారు పిల్లల్ని కసురుకోడట.”

అతనికి ఒళ్లు మండింది. “నేనే జాగ్రఫీ లెక్చరర్ని. మిమ్మల్ని ఎవరు పెట్టారో చెప్పండి.”

“మా అబ్బాయి,” అందావిడ తొణక్కుండా.

“ఏ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు?”

“ఏ డిపార్ట్‌మెంటూ కాదు. మీ టెంప్లేటు చేసింది వాడే. నంబరు చోటు ఖాళీగా ఉంటే బాగోదని నాది వేశాడు. వాళ్లే మార్చుకుంటార్లే అమ్మా అన్నాడు. ఎవరు మార్చారు? మొదట్లో రాంగ్ నంబరని పెట్టేసేదాన్ని. ఒకరోజు ఒక పిల్ల ఏడ్చింది, ఇంట్లో చదువు వద్దంటున్నారని. వాళ్ల నాన్నకు ఫోన్ ఇమ్మన్నాను. అంతే, ఇక ఈ పని నాకు తగులుకుంది.”

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఇంతకీ జాగ్రఫీలో ఏం చెబుతారు?”

అతను ఆచితూచి మొదలుపెట్టాడు. నది దారి ఎందుకు మార్చుకుంటుందో చెప్పాడు. కొండకు ఒకవైపే వాన ఎందుకు పడుతుందో చెప్పాడు. ఆవిడ అడుగుతూనే ఉంది. నలభై నిమిషాలు గడిచాయి. ఫోన్ పెట్టేశాక మళ్లీ గుబులు పుట్టింది. కొడుకు కథంతా కట్టుకథేమో. తన నోట్లోంచి మాటలు లాగి హిస్టరీ వాళ్లకు చేరవేయదు కదా.

మర్నాడు మొదటిసారి అతని ఫోన్ మోగింది. “ఒక పెద్దావిడ మీ నంబరిచ్చారండీ.” ఆ మర్నాడు ఇద్దరు వచ్చారు. శుక్రవారం మధ్యాహ్నానికి తొమ్మిదిమంది అయ్యారు. ఆ తర్వాత గుమ్మం తొక్కినవాళ్లు లేరు.

నాలుగున్నరకు హిస్టరీ మాస్టారు రెండు టీలు పట్టుకొచ్చాడు.

“మాస్టారూ, ఆ రోజు నేను...”

“ముందు తాగు, చల్లారిపోతుంది.”

అయిదుకు పది నిమిషాలుందనగా ఒక పెద్దావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, నింపిన దరఖాస్తు అతని ముందు పెట్టింది.

“అన్నీ సరిగ్గా ఉన్నాయా చూడు నాయనా.”

గొంతు గుర్తుపట్టి అతను లేచి నిలబడ్డాడు. ఆవిడ వెనక ఎవరూ లేరు.

“పిల్లేదమ్మా? సంతకం పిల్లే పెట్టాలి.”

“పెట్టానుగా నాయనా,” అంది ఆవిడ, “క్లాసులో ఉండగా ఫోన్ మోగితే మాత్రం నన్ను బయటికి పంపాలి.”